మచ్చలున్న మట్టలు

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివి మీరు అక్కడికి వెళ్లలేరు. ఊరి పేరు రాయను, లోయ పేరు రాయను, మొక్క శాస్త్రీయ నామం అసలే రాయను. ఈ రోజుల్లో ఒక్క పేరు దొరికితే చాలు, ఫోన్‌లో వెతికి, సెలవు రోజున కారేసుకుని వచ్చి, వేళ్లతో సహా పెరికి తీసుకుపోయి బాల్కనీలో కుండీలో పెట్టుకునేవాళ్లు తయారయ్యారు. అక్కడ అది వారం తిరక్కముందే చచ్చిపోతుంది. యాత్ర రాస్తూ దారి చెప్పకపోవడం భోజనానికి పిలిచి విస్తరి వేయకపోవడమే, నాకు తెలుసు. తిట్టుకుంటూనే చదవండి.

ఉత్తర తెలంగాణ అంటే బొగ్గు, పత్తి, ఎండ అని తేల్చేసేవాళ్ల కోసం కూడా ఇది రాస్తున్నాను. వాళ్ల మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది.

కరీంనగర్‌లో పొంగిన పాలు

నేను కరీంనగర్‌లో చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ఏటా ఫెర్న్‌ల పాఠం వచ్చేసరికి నాకు చిన్నతనంగా ఉండేది. పువ్వు పూయదు, కాయ కాయదు, గింజ ఉండదు, అయినా సంతానం మాత్రం ఉంటుంది అని ఊరించి, చివరికి ఎక్కడో నీలగిరుల నుంచి తెప్పించిన ఎండు ఆకును అట్ట మీద చూపించేదాన్ని. "మన దిక్కు ఉండయా మేడం" అని పిల్లలు అడిగేవాళ్లు. వానాకాలంలో బావి గోడల మీద మొలిచే చిన్న చిన్నవి చూపించేదాన్ని కానీ, అడవి నీడలో చెయ్యంత మట్టలు వేసే పెద్ద ఫెర్న్ అంటే మాత్రం ఆ అట్టే గతి.

ఆ పెద్ద రకం ఒకప్పుడు ఆదిలాబాద్ అడవుల్లో ఉండేదని పాత పుస్తకాల్లో ఉంది. తర్వాత వెతికినవాళ్లకు కనిపించలేదు. నాతో చదువుకున్న జయ హైదరాబాద్‌లో ఫెర్న్‌ల మీదే పనిచేస్తుంది. ఆమెను అడిగితే "మీ వైపు అది లేనట్టే లెక్క" అంది, కూరలో ఉప్పు లేదన్నంత తేలికగా. మా ఇంటికి వచ్చి మా ఇంట్లో మనుషులు లేరన్నట్టు అనిపించింది నాకు. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది?

పోయిన ఏడాది కమల ఒక ఫొటో పంపింది. కమల నా హాస్టల్ రోజుల స్నేహితురాలు, మంచిర్యాలలో నర్సుగా చేసి రిటైరైంది, మెథడిస్టు కుటుంబం. ఈస్టరుకు ముందు వచ్చే ఆదివారాన్ని వాళ్లు మట్టల ఆదివారం అంటారు. యేసు గాడిద మీద యెరూషలేముకు వచ్చినప్పుడు జనం ఖర్జూర మట్టలు పట్టుకుని ఎదురెళ్లారట, అందుకని ఆ రోజు పిల్లలూ పెద్దలూ మట్టలు పట్టుకుని ఊరేగుతారు. మా కరీంనగర్‌లో ఈత మట్టలు పట్టుకోగా చూశాను. కమల పంపింది ఖానాపూర్ అవతల ఉన్న తన అమ్మమ్మగారి ఊరి ఫొటో. అందులో పిల్లల చేతుల్లో ఉన్నవి ఈత మట్టలు కావు. ఫొటోను పెద్దది చేసి చూస్తూ పొయ్యి మీద పాలు మొత్తం పొంగబెట్టుకున్నాను.

ఆ ఫెర్నే. లేదన్నదే. పిల్లల చేతుల్లో, చర్చి గుమ్మానికి, కిటికీలకు, బల్లకు, ఎక్కడ చూసినా అదే.

ముందు సంతోషం, వెనకే భయం. చర్చి నిండా ఉందంటే ఎంత కోసి ఉంటారు? మిగిలిన ఒకే ఒక్క చోట ఏటా ఇలా కోస్తుంటే ఇంకెన్నాళ్లు ఉంటుంది? అందుకే ఈ ఏడాది మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందే బయల్దేరాను. చూసి రావాలి, కోయవద్దని చెప్పి రావాలి. అదీ నా పని.

మంచిర్యాల బస్టాండు

కమల బస్టాండులో మిరపకాయ బజ్జీల పొట్లంతో నిలబడి ఉంది. మా కరీంనగర్ బజ్జీలో మిర్చి కడుపున వాము, చింతపండు పెడతారు. మంచిర్యాల బజ్జీలో ఏమీ పెట్టరు, మిర్చిని మిర్చిలాగే తినాలి. రైలు కూత, బొగ్గు లారీల దుమ్ము, ఆ దుమ్ములోనే పది రూపాయల చాయ్. కారంతో కళ్ల నీళ్లు కారుతుంటే నా పథకమంతా కమలకు చెప్పాను.

"కొయ్యకున్రి అని చెప్తవా?" అంది కమల. "మా పెద్దమ్మకు చెప్తవా? నిన్ను అచ్చిన బస్సుకే మళ్ల ఎక్కిస్తది."

కమల పెద్దమ్మ, అంటే వాళ్ల అమ్మకు అక్క, పేరు రాజమ్మ. ఊళ్లో మట్టలు కోసే పని ఆమె చేతి మీదుగానే జరుగుతుంది.

"మంచిగ చెప్తనే. గట్టిగ చెప్తనా ఏంది?" అన్నాను.

"నువ్వు మంచిగ చెప్పుడు నాకు ఎర్కనే. హాస్టల్ల వార్డెన్‌కు చెప్పినవ్ గద మంచిగ."

ఇంకో బజ్జీ తిన్నాను.

జన్నారం దారిలో

జన్నారం దాటాక అడవి. మార్చి చివర కదా, టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మోదుగు మాత్రం ఒంటి నిండా పూసుకుని ఉంది. కిటికీ తీస్తే ఇప్పపువ్వు వాసన. చెట్ల కింద ఆడవాళ్లు గంపల్లో పువ్వు ఏరుతున్నారు. నేల కనిపించాలని కింది ఆకుల్ని ముందే తగలబెడతారు, అందుకని చాలాచోట్ల నేల నల్లగా ఉంది. ఆ మంట ఒక్కోసారి చెప్పిన మాట వినదు, అడవిలోకి పోతుంది. నీడలో, చెమ్మలో బతికే మొక్కకు ఇలాంటి చోట బతుకు ఎలా అని దారంతా అదే ఆలోచన.

మా ముందు సీట్లో భైంసా నుంచి వచ్చిన పత్తి వ్యాపారి కూర్చున్నాడు. కూతురి ఇంటికి వెళ్లి వస్తున్నాడట. మరాఠీ కలిసిన తెలుగు, వినడానికి హాయిగా ఉంది. నా చేతిలో భూతద్దం చూసి ఏం పని చేస్తారని అడిగాడు. మొక్కల గురించి చెప్పేదాన్నన్నాను.

"అయితే మా పత్తి చేన్లకు రావాలె తాయీ," అన్నాడు. మరాఠీలో అక్కను తాయి అంటారు. "ఆకు మీద చుక్క కనిపిస్తె మా రైతు ఆగడు. ఏ చుక్క, ఎందుకు వచ్చింది, చూసుడు లేదు. దుకాణంకు ఉరుకుతడు, మందు తెస్తడు, కొడతడు. సగం పైసలు పత్తిల వస్తయి, సగం పైసలు మందుల పోతయి."

"మరి మీరు చెప్పరా?"

"మందు దుకాణం కూడ మాదే తాయీ, ఎట్ల చెప్పాలె," అని నవ్వాడు. ఆ నిజాయితీకి నాకూ నవ్వొచ్చింది. దిగేటప్పుడు రెండు ఇప్పపువ్వు లడ్డూలు ఇచ్చి, మా ఇద్దరి మోకాళ్ల నొప్పులకు మంచిదని చెప్పి వెళ్లాడు. మోకాళ్ల సంగతి ఎలా కనిపెట్టాడో తెలియదు.

రాజమ్మ ఇల్లు

ఖానాపూర్‌లో దిగేసరికి ఊరంతా ఉడకబెట్టిన పసుపు వాసన. అక్కడి నుంచి ఆటోలో ఎంత దూరం, ఏ వైపు అన్నది రాయనని ముందే చెప్పాను.

రాజమ్మ ఏడు పదులు దాటిన మనిషి. బక్కగా, నిటారుగా ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మణికట్టు పట్టుకుంటుంది. వాకిట్లోనే నా మణికట్టు పట్టుకుని "తిన్నవా బిడ్డా" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి తీసుకుపోయింది. ఈస్టరు ముందు శ్రమకాలం కాబట్టి వాళ్లింట్లో మాంసం లేదు. జొన్న రొట్టె, పాలకూర పప్పు, పచ్చిమిర్చీ వెల్లుల్లీ పల్లీలూ వేయించి దంచిన ఠేచా పెట్టింది. మా ఇంట్లో అన్నం మెతుకు తగలకపోతే భోజనం చేసినట్టు కాదు. అక్కడ మూడు పూటలూ రొట్టే తిన్నాను, మళ్లీ కావాలని అడిగాను.

రాజమ్మ తమ్ముడు దేవదానం పక్కింట్లోనే ఉంటాడు. పత్తి రైతు, చర్చి పెద్ద. చర్చిని వాళ్లు గుడి అనే అంటారు. మా ఇంటి దగ్గర గుడి అంటే అర్థం వేరు కాబట్టి మొదటి గంటసేపు నేనూ వాళ్లూ ఒకరినొకరు తికమక పెట్టుకున్నాం. ఆయన రొట్టె తింటూ, వాళ్ల బాపు కాలం నుంచి మట్టలు ఎలా తెస్తున్నారో చెప్పాడు. ఇక్కడ ఈత చెట్లు లేవు. లోయలో ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండేది ఇదొక్కటే. దీని పేరేమిటని అడిగితే "మట్టాకు" అన్నాడు, ఇంకేం పేరుంటుందన్నట్టు చూశాడు.

"మీ దిక్కు పండుగకు ఏం కోస్తరు మేడం?" అని అడిగాడు.

బతుకమ్మకు గునుగు, తంగేడు కోస్తామన్నాను. అని ఊరుకోవచ్చు కదా, ఇప్పుడు మా కాలనీలో అందరం గునుగు కట్టలు బజార్లో కొనుక్కుంటున్నామని కూడా చెప్పాను.

"కొంటరా?" అంది రాజమ్మ, నా మణికట్టు వదిలేసి. నాకు సిగ్గేసింది. కోయవద్దని చెప్పడానికి అది సమయం కాదని నాకే అర్థమై, పడుకున్నాను.

లోయ

శనివారం పొద్దున్నే ఆడవాళ్లూ పిల్లలూ కొడవళ్లు పట్టుకుని పాడుకుంటూ బయల్దేరారు. పొలాలు దాటి, ఎండిన గడ్డి దాటి, రాళ్ల మీదుగా కిందికి దిగాలి. సగం దూరంలోనే నా చెప్పు తెగింది. కమల తన చున్నీ చింపి కట్టింది, దారంతా నవ్వుతూనే ఉంది.

లోయ అంచున ఒక చిత్రం చూశాను. చుట్టూ నిలువెత్తు మనిషి పడుకునేంత వెడల్పున నేల శుభ్రంగా ఊడ్చి ఉంది, ఒక్క ఎండుటాకు లేదు. అవతలి వైపు నేల కాలి నల్లబడింది. ఇవతల కాలలేదు. ఎవరు ఊడ్చారని అడిగితే, మా వెనకే వచ్చి అంచున ఆగిన దేవదానం "మేమే" అన్నాడు. ఇప్పపువ్వు రాలకముందే ఊరి మగవాళ్లంతా వచ్చి ఏటా ఊడుస్తారట, మంట లోయలో పడకుండా. మేకలు దిగకుండా ముళ్లకంప కూడా వేస్తారు.

"మట్టలు కాలితె పండుగ ఎట్ల జేస్తం?" అన్నాడు.

కిందికి దిగాను. బండల సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. మద్దిచెట్ల నీడ. పైన నిప్పులు చెరిగే ఎండ, ఇక్కడ చల్లటి తడి గాలి. ఆ తడి బండల మీద, నేను ఇన్నేళ్లూ అట్ట మీద చూపించిన మొక్క, బతికి, పచ్చగా, చెయ్యంత మట్టలు చాపుకుని, ఒకటి కాదు రెండు కాదు, కంటికి ఆనినంత మేరా ఉంది. కొత్త మట్టలు పసిపిల్లల పిడికిళ్లలా చుట్టుకుని ఉన్నాయి. నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా చెప్తున్నాను, బాగానే ఏడ్చాను. మా వైపు ఉంది. మా మనుషుల చేతుల్లో ఉంది.

కమల నన్ను వదిలేసింది, ఆటపట్టించలేదు.

కళ్లు తుడుచుకుని కోత చూడ్డం మొదలుపెట్టాను. అందరూ కోసేస్తున్నారని వచ్చినదాన్ని కదా. కానీ రాజమ్మ బండ మీద కూర్చుని ఒక్కో మట్టనూ కోయకముందే వెనక్కి తిప్పి చూపించమంటోంది. వెనక గోధుమరంగు చుక్కలుంటే "మచ్చ ఉన్నది, ఒదిలెయ్" అంటోంది. చుక్కలు లేని మట్టలే కోస్తున్నారు.

"చుక్కలున్నవి ఎందుకు వద్దు పెద్దమ్మా?" అని అడిగాను.

"దేవునికి మచ్చలేనిదే ఇయ్యాలె బిడ్డా. తెగులు వట్టిన ఆకు ఇస్తమా?"

నాకు గట్టిగా నవ్వొచ్చింది, ఆపుకున్నాను. అది తెగులు కాదు. ఫెర్న్‌కు గింజలుండవు కదా, మట్ట వెనక ఉన్న ఆ చుక్కల్లోనే సిద్ధబీజాలు అనే సన్నటి పొడి ఉంటుంది. అదే రాలి, తడి తగిలిన చోట కొత్త మొక్క అవుతుంది. అంటే వీళ్లు ఇన్నేళ్లుగా ఏటా కోస్తున్నా, సంతానాన్నిచ్చే మట్టల్ని మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పొరపాటుగా అర్థం చేసుకుని సరిగ్గా కాపాడారు. పుస్తకాలన్నీ లేదు లేదంటున్న మొక్క ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది.

ఈ సంబరంలో ఉండగానే పైనుంచి దేవదానం చార్జింగ్ పంపు వీపున తగిలించుకుని దిగాడు. పత్తికి మందు కొట్టే పంపు. బకెట్లో నీళ్లు పోసి, డబ్బా మూత విప్పుతున్నాడు.

"ఏం మందది?" అన్నాను.

"తెగులు మందు. పిల్లలు కోసుడు అయినంక మచ్చలున్నయాటి మీద కొడుత. ఏడాదేడాదికి మచ్చలు ఎక్కువైతున్నయి మేడం. గిట్ల ఒదిలేస్తె లోయంత వడుతది."

మచ్చలు ఎక్కువవుతున్నాయంటే మొక్క బాగుందని అర్థం. అది చెప్పాను. తెగులు కాదు, ఇది దాని గింజలాంటిదని, మన వైపు ఈ మొక్క లేదనే పుస్తకాల్లో ఉందని కూడా చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు, మూత మాత్రం విప్పుతూనే ఉన్నాడు.

"తెగులైతే ఎట్లవడితే అట్ల వస్తది," అన్నాను. "గీ చుక్కలు చూడున్రి. ముగ్గుకు చుక్కలు వెట్టినట్టు వరుసల లేవా?"

"తెగులుకు గూడ దాని తీరు ఉంటది మేడం. చిన్నప్పటిసంది పత్తి జేస్తున్న, నాకు ఎర్కలేదా?" అన్నాడు. "పోయినేడు కింది బండ కాడ జర కొట్టి చూసిన. అప్పటికే బాగ ముదిరినట్టున్నది, ఎండిపొయినయి. అందుకే ఈసారి ముందుగాల కొడుతున్న."

చెయ్యి చాపి చూపించాడు. కింద తడి బండ మీద పచ్చదనం లేదు. నల్లగా ముడుచుకుపోయిన కాడలున్నాయి.

అవి తెగులుతో పోలేదు, పత్తి మోతాదు మందుకు పోయాయి. నాకది తెలిసిపోయింది. కానీ ఆ మాట ఆయన మొహం మీద ఎలా అనాలి? ఆ మొక్కను చంపడానికి కొట్టలేదాయన. వాళ్ల బాపు కాపాడింది తన కాలంలో పోకూడదని కొట్టాడు. నేను ఏ భయంతో కరీంనగర్ నుంచి వచ్చానో, ఆయన అదే భయంతో పంపు మోసుకొచ్చాడు.

"ఒక్క రోజు ఆగున్రి," అన్నాను. "రేపు పొద్దుగాల మీకు చూపిస్త. చూసినంక కూడ తెగులే అనిపిస్తె సోమవారం కొట్టున్రి, నేను అడ్డం రాను."

ఆయన అక్క వైపు చూశాడు. రాజమ్మ బండ మీద నుంచి లేవకుండానే "ఆగు తమ్మీ. దూరంకెల్లి అచ్చింది" అంది. అంతే, నా చదువు కోసం కాదు, నా ప్రయాణం కోసం ఆగాడు. నాకది చాలు.

క్యాలెండర్ కాగితం

చుక్కలున్న మట్ట ఒకటి కోయడానికి రాజమ్మ అనుమతి తీసుకున్నాను. సాయంత్రం వాళ్లింట్లో గోడకున్న పోయినేటి క్యాలెండర్ తీసి, వెనకవైపు తెల్లగా ఉన్న కాగితం మీద ఆ మట్టను చుక్కలు కిందికి వచ్చేలా పరిచాను. గాలికి కదలకుండా పైన ఇంకో కాగితం, దాని మీద కీర్తనల పుస్తకం పెట్టాను. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పాను. కాలేజీలో ఏటా చేయించిన ప్రయోగమే, కానీ చుక్కలు పండకపోతే పొడి రాలదు. పండాయో లేదో కచ్చితంగా చెప్పలేను. రాకపోతే సోమవారం పంపు దిగుతుంది. కమల "పరేషాన్ గాకు" అంటూనే తను కూడా ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చుంది.

ఆదివారం పొద్దున్నే దేవదానం తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. "చూపియ్యున్రి" అన్నాడు.

పుస్తకం తీశాను. పై కాగితం తీశాను. మట్టను కొనతో పట్టుకుని మెల్లగా ఎత్తాను.

కాగితం మీద ఇంకో మట్ట ఉంది. గోధుమరంగు పొడితో, వరుసలు వరుసలుగా, ఎవరో కూర్చుని ముగ్గు వేసినట్టు మట్ట మొత్తం దిగింది. రాజమ్మ వంగి చూసింది. దేవదానం వేలి కొనతో కొంచెం అద్దుకుని, నలిపి, భూతద్దంలో చూసి, ఎండలోకి పోయి మళ్లీ చూశాడు.

"ఇది విత్తనమా?"

"అసొంటిదే. తడిబండ మీద పడితే మొలుస్తది."

"గింత సన్నగనా?"

"గింత సన్నగనే."

వేలినే మళ్లీ చూసుకున్నాడు. "అంటే పోయినేడు కింది బండ కాడ..." అని ఆగిపోయాడు. రాజమ్మే అంది, "అవు తమ్మీ. తెల్వక కొట్టినవ్."

ఆయన కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నన్ను అడగలేదు కూడా.

మట్టల ఆదివారం

ఊరి మొదలు నుంచి ఊరేగింపు. ముందు పిల్లలు, చేతుల్లో పచ్చటి మట్టలు, "హోసన్నా" అని అరుస్తూ. వెనక డప్పులు. ఆ వెనక పెద్దలు. దారిలో హిందువుల ఇళ్ల ముందు వాకిళ్లలో నీళ్లు చల్లి పెట్టారు, పిల్లల కాళ్లు కాలకూడదని. నాకూ ఒక మట్ట ఇచ్చారు. వెనక్కి తిప్పి చూశాను, చుక్కలు లేవు. పట్టుకుని నడిచాను. నేను చర్చి ఊరేగింపులో నడవడం అదే మొదలు, కరీంనగర్‌లో మా వాళ్లు చూస్తే ఏమంటారో అని ఒక్క క్షణం అనుకుని మరిచిపోయాను.

ఆరాధనలో పాస్టరు వాక్యం చెప్పాక, ఎవరికైనా సాక్ష్యం చెప్పేదుంటే లేవమన్నాడు. దేవుడు తమకు చేసిన మేలు గురించి అందరి ముందూ లేచి చెప్పడం వాళ్ల ఆచారం. జ్వరం తగ్గిందని ఒకామె చెప్పింది. తర్వాత దేవదానం లేచాడు.

"అందరికి వందనాలు," అన్నాడు. "పోయినేడు లోయల కింది బండ కాడ మట్టలు ఎండిపొయినయి. మీరందరు తెగులు అనుకున్నరు. తెగులు కాదు, నేనే సంపిన. మచ్చ అనుకోని మందు కొట్టిన. గది మచ్చ కాదట, దాని విత్తనమట. నిన్న గూడ కొడుదునే, ఆగిన. దేవుడే ఆపిండు."

అంత పెద్దమనిషి, ఊరి మధ్య నిలబడి.

"మేడం వాళ్ల పుస్తకాలల్ల గీ మొక్క మన దిక్కు లేనే లేదని ఉన్నదట," అన్నాడు నా వైపు తిరిగి. "ఉన్నది అని రాయున్రి మేడం. ఎవలు కాపాడిన్రంటే నా పేరు వద్దు. మా అక్క పేరు రాయున్రి."

రాజమ్మ ఆడవాళ్ల వరుసలోంచి కూర్చునే అంది, "నా పేరెందుకురా. నేను తెగులని ఒదిలేసిన గని, విత్తనమని ఒదిలిన్నా?" కొందరు నవ్వారు. ఆమె కొంచెం ఆలోచించి, పక్కనే కూర్చున్న నా మణికట్టు పట్టుకుంది. "రాస్తె మట్టల ఆదివారం అని రాయి బిడ్డా. గీ పండుగ లేకపోతె ఇన్నేండ్లసంది గా లోయకు మంట రాకుంట ఎవలు కాసెటోళ్లు?"

వాళ్లు నాకు ఏమీ కారు. అయినా నా వాళ్లు అనిపించింది, గట్టిగా.

భోజనాలయ్యాక దేవదానం నన్నూ కమలనూ మళ్లీ లోయకు తీసుకుపోయాడు. కింది బండ దగ్గర కూర్చుని, జేబులోంచి క్యాలెండర్ కాగితం తీసి, మడత విప్పి, తడి రాయి మీద మెల్లగా దులిపాడు. విత్తనాలు చల్లే చెయ్యి కదా, పొడి ఒకేచోట పడకుండా సమంగా పడింది. ఎప్పుడు మొలుస్తుందని అడిగాడు. తెలియదని, ఏళ్లు పట్టొచ్చని, మొలవకపోవచ్చు కూడా అని నిజమే చెప్పాను. ఆయన తలూపి, ఎండిన కాడల్ని ఏరి పక్కన పెట్టి, ఊట నీళ్లు బండ మీదికి పారేలా చిన్న రాయి ఒకటి జరిపాడు.

ఖానాపూర్ బస్టాండులో

బస్సు కోసం ఆగినప్పుడు జయకు ఫోన్ చేశాను. ఉంది అన్నాను, ఎందుకు వెళ్లానో కూడా చెప్పాను. వెంటనే ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. నీళ్లు ఏడాది పొడుగునా ఉన్నాయా, నీడ ఎంత, మంట ప్రమాదం ఉందా, ఎవరి రక్షణలో ఉంది. అన్నిటికీ చెప్పాను. ఆఖరి దానికి రాజమ్మ చెప్పమన్నదే చెప్పాను.

"పండుగ రక్షించడమేంటి? ఆ పండక్కే కదా కోస్తున్నారు," అంది జయ. "నువ్వు వెళ్లింది కోత ఆపించడానికి కదా. ఆపించావా?"

"లేదు," అన్నాను. "వచ్చే ఏడు కోయకపోతే వాళ్లు లోయకు రారు జయా. అందుకని నేనూ వచ్చి కోస్తానని చెప్పి వచ్చాను."